అట్ట మీద వయసు

మా అన్నయ్య వాళ్లది ఒడిశాలోని పర్లాకిమిడి. పిల్లలు ముగ్గురు: 14 ఏళ్ల పెద్దోడు, 11 ఏళ్ల పిల్ల, 4 ఏళ్ల చిన్నోడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిషు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తూ, ముగ్గురికీ కొత్త తెలుగు పుస్తకాలు తెస్తానని మాటిచ్చాను.

అట్టల మీద వయసులు చూసి కొనేశాను. నెల తర్వాత వెళ్తే పిల్లకిచ్చిన నవల టీవీ కింద దుమ్ము పట్టి ఉంది. "బాగోలేదేంటమ్మా?" అన్నాను. "బానే ఉంటాది గావాల అత్తా, నాకు చదవడం రాదు కదా!" అంది. గలగలా తెలుగు మాట్లాడే పిల్లకి చదవడం రాదన్న సంగతి నాకు తట్టనే లేదు.

పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. 'పంది' దగ్గర ఆగి, 'పఠది' అంది. ఒడియాలో ఠ అచ్చం మన సున్నలాగే ఉంటుంది మరి. నవ్వు ఆపుకోలేకపోయాను. అది ఉడుక్కుంది.

సరే, అక్షరాలకి తగ్గట్టు చిన్న బొమ్మల పుస్తకం ఇద్దామా అంటే ముట్టుకోలేదు. "ఇది తమ్ముడిది" అంది. నిజమే. 11 ఏళ్ల పిల్లకి దొంగలు, రహస్యాలు కావాలి గానీ బంతి, పిల్లి ఎందుకు?

తెలుగు, ఇంగ్లిషు రెండూ ఉండే తూలిక ప్రచురణల వాళ్ల పుస్తకం ఇచ్చి చూశాను. గడుసుది, ఇంగ్లిషు చదివేసి తెలుగులో చెప్పేస్తోంది! ఇంగ్లిషు లైన్ల మీద కాగితం అడ్డం పెట్టాను. రెండు రోజుల్లో విసుగొచ్చింది, ఇద్దరికీ.

చివరికి వినే పుస్తకం వేరు, చదివే పుస్తకం వేరు చేశాను. నవల రాత్రిళ్లు వదినే పైకి చదివి వినిపిస్తుంది. బొమ్మల పుస్తకం మాత్రం పిల్ల తమ్ముడికి చదివి పెట్టాలి. అప్పుడది చిన్నపిల్లల పుస్తకం కాదు, టీచరమ్మ పుస్తకం!

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్లో కథలు ఉచితం. అక్కడ కథలకి మెట్లు వయసుని బట్టి కాదు, చదివే శక్తిని బట్టి: మొదటి మెట్టు కథ 250 మాటల లోపే, నాలుగోది 1,500 దాటుతుంది. ఒకే కథ ఒడియాలోనూ తెలుగులోనూ దొరికితే రెండూ ప్రింట్ తీయించాం. ఒడియాలో ఒకసారి చదువుకున్నాక తెలుగు ముందుకి సాగుతోంది.

అనువాదాలు అన్నీ బాగుండవు. కొన్నిట్లో కోతి కూడా రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్లో ఆ తెలుగు ఎవరు భరిస్తారు? ఇప్పుడు ఏ పుస్తకమైనా ఒక పేజీ పైకి చదివి చూస్తాను. నాలుక తడబడితే పక్కన పెట్టేస్తాను.

పెద్దోడికి కథలంటే పడదు. పాత సామానుతో చేసే సైన్సు ప్రయోగాల పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి చేసేస్తున్నాడు. తెలియని మాట వస్తే నన్ను అడగడం నామోషీ, చెల్లిని అడుగుతాడు. అది చెప్పే ముందు కాసేపు బెట్టు చేస్తుంది.

మొన్న పిల్ల చిన్నోడికి చదువుతూ, కష్టమైన మాట వచ్చిందని ఒక లైను దాటేసింది. వాడికి ఒక్క అక్షరం రాదు, కథంతా కంఠతా వచ్చు. పేజీ తిప్పనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టి, అక్కతో "అప్పా, ఏనుగు ఏడ్చింది చెప్పలేదు" అన్నాడు.