ఇబ్బంది పెట్టేది రెండో ప్రశ్న

బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూకు మొదటిసారి వెళ్లినప్పుడు అడిగింది నేను ఊహించిన ప్రశ్నే. "2019లో బీటెక్ అయింది. మూడేళ్లు ఏం చేశారు?" ఇంట్లో పరిస్థితులు బాగాలేవన్నాను. ఏ పరిస్థితులన్నారు. నాన్నకు ఒంట్లో బాగాలేదన్నాను. ఏం జబ్బన్నారు. ఆ ముందురోజే రెండెకరాల మిరపకు మందు కొట్టి వచ్చిన మనిషి మా నాన్న. నా నోట మోకాళ్ల నొప్పులన్న మాట వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, చివర కూర్చున్న మేడం పెన్నుకు మూత పెట్టేశారు. వందకు 41 వచ్చాయి.

తుది జాబితాలో రెండో దశ రాతపరీక్ష మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 శాతం వాటా. ఇరవయ్యే కదా అని తీసిపారేయకండి. ఆ ఏడాది ఉద్యోగం వచ్చిన నా గదిలోని మిత్రుడి కంటే మెయిన్స్‌లో నాకే ఎక్కువ మార్కులు.

నిజానికి ఆ మూడేళ్లలో దాచాల్సింది ఏముంది? చెన్నైలో వాహనాల విడిభాగాల కంపెనీలో ఎనిమిది నెలలు చేసి, నచ్చక మానేశాను. మధ్యలో కరోనా. రెండుసార్లు తొలి దశ పరీక్ష ప్రిలిమ్స్ పోయింది, రెండోసారి ఇంగ్లిష్ కటాఫ్ దగ్గర. ఇంతే. దీనికి రంగు పూయబోయి మోకాళ్ల దాకా వెళ్లాను.

మరుసటి ఏడాది నంద్యాలలో గది తీసుకున్నాక మా సాధన మార్చేశాం. నేను జవాబు చెప్పాలి, అక్కడి గదిలోని మిత్రుడు "అంటే?" అని మాత్రమే అడగాలి, అదీ మూడుసార్లు. కల్పించిన జవాబు రెండో "అంటే?"కే తడబడుతుంది. ఉన్నది చెబితే మూడోసారికి "అంతే" అనడం తప్ప ఏమీ మిగలదు. పక్క గదిలోని అమ్మాయి కూడా మాతో కూర్చునేది. పెళ్లయ్యాక మారుమూల శాఖకు వెళ్తావా అని ఎన్నిసార్లు గుచ్చినా ఆమెది ఒకటే మాట: "బదిలీ ఉత్తర్వులో పెళ్లి కాలమ్ ఉండదు సార్." నాకంత చురుకుదనం లేదు.

రెండో ఇంటర్వ్యూలో మూడేళ్ల సంగతి అర నిమిషంలో తేలిపోయింది. అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. "నాన్నగారు రైతు కదా, పంట రుణం సకాలంలో కట్టారా?"

లేదు. 2014లో మాఫీ వస్తుందని ఊళ్లో అందరిలాగే ఆయనా ఆగారు. 7 శాతం వడ్డీ రుణాన్ని గడువులోపు తీరిస్తే 3 శాతం రాయితీ పోను పడేది 4 శాతమే. గడువు దాటడంతో ఆ రాయితీ పోయింది, మాఫీ విడతలుగా వచ్చేలోపు వడ్డీ పెరిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీరే ఆ శాఖ అధికారి అయితే ఆయనకు ఏం చెబుతారు?"

"మాఫీ మాట తర్వాత, ముందు గడువులోపు కట్టి రెన్యువల్ చేయించుకోమంటాను సార్."

"వింటారా?"

"నా మాట వినరు సార్. రాయితీ ఎంత పోయిందో కాగితం మీద లెక్క వేసి చూపిస్తే వింటారేమో."

ఇంటర్వ్యూ బోర్డు అధ్యక్షులు నవ్వారు. ఈసారి 68.

ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేసి ఏం అడిగారన్నారు. నీ అప్పు గురించే అన్నాను.

"ఏం చెప్పావురా?"

"గడువులోపు కట్టలేదని చెప్పాను నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. "కట్టలేదని ఎందుకన్నావురా," అన్నారు, "కాస్త ఆలస్యమైందని అంటే సరిపోయేది కదా."