ఎక్స్‌పార్టీ అయితే కేసు ఓడిపోయినట్టేనా?

సివిల్ దావాలో ఎక్స్‌పార్టీ అయ్యామని, అంటే మనం లేకుండానే విచారణ సాగించమని కోర్టు ఉత్తర్వు ఇచ్చిందని తెలియగానే ఇక చేసేదేమీ లేదని ఊరుకునేవాళ్లు చాలామంది. ఆస్తులు చేజారేది అలా ఊరుకున్నందువల్లే.

సమన్లు అందిన ప్రతివాది, వాయిదా రోజు కేసు పిలిచినప్పుడు తానూ రాక, లాయరూ హాజరు కాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 6 కింద కోర్టు ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వేయవచ్చు. అది తీర్పు కాదు. ఈ దశలోనే తెలిస్తే రూల్ 7 కింద ఐ.ఏ. (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్) వేయాలి. వకాలత్, రాలేకపోయిన కారణం చెప్పే అఫిడవిట్, దావాకు జవాబు మూడూ ఒకేసారి దాఖలు చేయండి. జవాబు లేకుండా వెళ్తే కేసు సాగదీయడానికే వచ్చారనుకుంటారు. కోర్టు ఖర్చులు కట్టమన్నా కట్టేయడమే మంచిది. పిటిషన్ కొట్టేసినా, అక్కడి నుంచి జరిగే విచారణలో పాల్గొని వాది సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేయవచ్చు. 1955లో సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది.

డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది నిర్ణయం) వచ్చేశాక దాన్ని రద్దు చేయమని అడిగే దారి అదే ఆర్డర్‌లోని రూల్ 13. సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. అది దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని మరో పిటిషన్ జత చేయాలి. ‘ఒంట్లో బాగోలేదు’ అని ఒక్క ముక్క రాస్తే నిలవదు, ఆస్పత్రి కాగితాలు పెట్టాలి.

సమన్లు తీసుకోకుండా తిప్పి పంపితే కేసు ఆగిపోతుందన్న నమ్మకం చాలా ప్రమాదకరం. తిరస్కరిస్తే అందినట్టే లెక్క. నిజంగానే అందకపోతే మాత్రం కాపీ అప్లికేషన్ వేసి ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) రిపోర్టు నకలు తీసుకోండి. ఏ చిరునామాకు వెళ్లారు, తలుపుకు అంటిస్తే సాక్షి ఎవరు అన్నవి అందులో చూడాలి. చిన్న లోపం దొరికినంత మాత్రాన సరిపోదు. వాయిదా తేదీ మీకు ముందే తెలుసని, హాజరయ్యే వ్యవధి కూడా ఉందని తేలితే ఆ లోపాన్ని కోర్టు పట్టించుకోదు.

ఎక్స్‌పార్టీ డిక్రీపై సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 96(2) కింద అప్పీలు హక్కు కూడా ఉంది. కానీ ఉపసంహరించుకోకుండా అప్పీలు కొట్టివేతకు గురైతే, ఆ తర్వాత రూల్ 13 పిటిషన్ నడవదు. అందుకే ముందు ఏది వేయాలో లాయరుతో తేల్చుకోండి. ఇంకో సంగతి, రూల్ 13 పిటిషన్ వేసినంత మాత్రాన డిక్రీ అమలు కోసం వాది వేసే పిటిషన్ ఆగదు. స్టే విడిగా అడగాలి, అదీ జప్తు వరకు రాకముందే.