అరబ్ స్ప్రింగ్: గద్దె దిగాక ఏమైందో చదవండి

ఫ్రెండ్స్, మెయిన్స్ రాసేవాళ్లకి అరబ్ స్ప్రింగ్ గురించి, అంటే 2010 చివర్లో మొదలై అరబ్ దేశాల్లో పాలకుల మీద జనం చేసిన తిరుగుబాట్ల గురించి నాలుగు మాటలు. 2010 డిసెంబర్ 17న ట్యునీషియాలోని సిదీ బూజిద్‌లో తోపుడు బండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే బూఅజీజీ అనే కుర్రాడు, సరుకు లాక్కున్నారని ఒంటికి నిప్పంటించుకున్నాడు, నెల తిరక్కుండానే 23 ఏళ్లుగా పాతుకుపోయిన అధ్యక్షుడు బెన్ అలీ సౌదీకి పారిపోయాడు. ఇంతవరకు ఏ మెటీరియల్‌లోనైనా దొరుకుతుంది, అందరూ రాస్తారు కూడా.

నేను ప్రతి దేశానికీ ఒకటే ప్రశ్న వేసుకుని నోట్స్ రాసుకున్నా: సైన్యం ఎటు నిలబడింది? ట్యునీషియా సైన్యం చిన్నది, రాజకీయాలకు దూరంగా ఉండేది, బెన్ అలీని కాపాడే పని పెట్టుకోలేదు. ఈజిప్టులో కైరోలోని తహ్రీర్ స్క్వేర్ నిరసనకారులతో నిండిపోయాక అధ్యక్షుడు ముబారక్‌ని 2011 ఫిబ్రవరి 11న వదిలేసిన సైన్యం, తన పట్టు మాత్రం వదల్లేదు, ఎన్నికల్లో గెలిచిన అధ్యక్షుడు మోర్సీని 2013 జులైలో దింపేసి ఆర్మీ చీఫ్ సీసీకి దారి వేసింది. లిబియాలో గడాఫీ పోయాక పగ్గాలు పట్టుకునే వ్యవస్థే లేదు, తుపాకీ ఉన్నవాడిదే రాజ్యమైంది. సిరియాలో సైన్యంలో కీలక పోస్టులన్నీ అధ్యక్షుడు అసద్ మనుషులవే కాబట్టి అంత తేలిగ్గా చీలలేదు, 2011లో మొదలైన గొడవ అంతర్యుద్ధమై, అసద్ మాస్కో చేరేసరికి 2024 డిసెంబర్ వచ్చింది.

ట్యునీషియాకి ఇంకో పేజీ ఇవ్వండి. అక్కడ కార్మిక సంఘం బలమైనది, 2013లో పార్టీలు కొట్టుకుంటుంటే అదీ, ఇంకో మూడు సంస్థలూ కలిసి అందర్నీ కూర్చోబెట్టాయి, 2014లో రాజ్యాంగం వచ్చింది, 2015లో ఆ నాలుగింటికీ నోబెల్ శాంతి బహుమతి. నాకు సీనియర్ ఇచ్చిన నోట్స్ సరిగ్గా ఇక్కడ "విజయగాథ" అని ఆగిపోయింది! 2021 జులై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును సస్పెండ్ చేశాడు, మరుసటి ఏడాది కొత్త రాజ్యాంగం తెచ్చి అధికారాలు తన చేతిలోకి తీసుకున్నాడు. పాత మెటీరియల్ చదివేవాళ్లు ఇది తప్పకుండా కలుపుకోండి.

ఇండియా కోణం ఒక పేరా చాలు: 2011లో లిబియాలో సైనిక చర్యకు దారిచ్చిన భద్రతా మండలి తీర్మానానికి (దాని నంబరు 1973) మనం ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం, 2015లో యుద్ధంలో చిక్కుకున్న యెమెన్ నుంచి ఆపరేషన్ రాహత్‌తో మనవాళ్లని తెచ్చుకున్నాం. ఇంటర్వ్యూలో ఆ ఓటు ఎందుకు వేయలేదని అడిగితే తడబడకుండా ఉండాలి.

ప్రాక్టీస్‌కి 2024 ఆగస్టు 5 ఢాకా తీసుకోండి. బంగ్లాదేశ్ ప్రధాని హసీనా రాజీనామా సంగతి దేశానికి చెప్పింది ఆర్మీ చీఫే, సైన్యం ఎటు నిలబడిందనే అదే ప్రశ్నతో అక్కణ్నుంచి మొదలుపెట్టి ఒక ఆన్సర్ రాసి చూడండి.