ప్రార్థన మానలేదు, మాత్ర మానేశాను

స్వస్థత కూటంలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. "ప్రభువు నన్ను ముట్టాడు, ఇక మందులతో పనిలేదు" అన్నాను. జబ్బు పేరు మాత్రం చెప్పలేదు. కింద కూర్చున్నవాళ్లలో ఆ పేరు తెలిసిన మనిషి మా ఆయన ఒక్కడే. ఆయన తల వంచుకున్నాడు.

అప్పటికి ఏడు నెలల ముందు విడవని జ్వరంతో ఆసుపత్రిలో చేరితే టీబీ అన్నారు, వెంటనే హెచ్‌ఐవీ టెస్టు కూడా చేశారు. పాజిటివ్ వచ్చింది. రోగాలతో పోరాడే రక్తకణాల లెక్క, అంటే సీడీ4 కౌంట్, 84. అది 200 కన్నా తగ్గితే చిన్న ఇన్‌ఫెక్షన్లు కూడా ప్రాణం మీదికి తెస్తాయని డాక్టరు గారు చెప్పారు. మా ఆయనకు నెగటివ్ వచ్చింది. నాకు ఎలా వచ్చిందో ఇక్కడ రాయను. దాచుకోవాలని కాదు. ఆ ప్రశ్న అడిగేవాళ్లు చాలామంది జవాబును బట్టి నా మీద జాలిపడాలో వద్దో తేల్చుకుందామనుకుంటారు. జ్వరంతో పడి ఉన్న మనిషికి ఆ తీర్పుతో పనేముంది?

ఆరు నెలలు టీబీ మందులు, వాటితోపాటు హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందు వాడాను. బరువు పెరిగాను, సండే స్కూల్ పిల్లలకు మళ్లీ పాటలు నేర్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఆ కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంకా మాత్ర మింగుతున్నావంటే నీకు నమ్మకం లేనట్టే" అన్నాడు. ఒంట్లో బాగానే ఉంది కదా, నిజమే అనిపించింది. ఏఆర్‌టీ మాత్ర, దాంతోపాటు వేరే ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చిన కోట్రిమాక్సజోల్ రెండూ ఆపేశాను. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు.

మందు ఉన్నంతసేపే వైరస్ అణిగి ఉంటుంది. మందు ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. నాకు న్యుమోనియా వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు. ఆ మాస్కు కింద నా మనసులో ఉన్నది చావు భయం కూడా కాదు. దేవుడికి నేను నచ్చలేదేమో అన్న బాధ. నమ్మకం లేనట్టే అన్న ఆ ప్రసంగీకుడికి ఇది ఎప్పటికైనా తెలియాలని ఇది రాస్తున్నాను.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది, అందరం ఆంటీ అంటాం. మూడో రోజు వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. నా జడ విప్పి, చిక్కు తీసి, మళ్లీ అల్లింది. అప్పటికి ఎన్ని రోజులైందో, డాక్టర్లు, మా ఆయన తప్ప నన్ను ఇంకొకరు ముట్టుకుని! అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. "పాస్టరు గారికి నువ్వు చెప్పమంటేనే చెప్తా, లేకపోతే ఇది నాతోనే పోతుంది" అంది. ఆ మాట నిలబెట్టుకుంది కాబట్టే వారం తర్వాత నేనే ఆయన్ని పిలిపించుకోగలిగాను.

పాస్టరు గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వాక్యం చెప్పడానికి లేచే ముందు కూడా వేసుకుంటాను. నన్ను అవిశ్వాసి అంటావా?" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఈ జబ్బు పాపానికి జీతమని తను కూడా చాలాసార్లు ప్రసంగించానని, అప్పుడు ఎదురుగా ఎవరు కూర్చుని విన్నారో ఎన్నడూ ఆలోచించలేదని. ఆ ఆదివారం అదే మాట పీఠం మీద చెప్పి క్షమాపణ అడిగారట. నా పేరు ఎత్తలేదు.

నేను లేచి నడిచేసరికి ఆయన చాలా చదివేశారు. ఉగాండాలో గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ గురువు 1992లోనే తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పిన సంగతి ఆయన నోటే మొదటిసారి విన్నాను. పీఠం ఎక్కే మనిషి కూడా ఇలా చెప్పగలడా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తర్వాత ఒక నర్సమ్మను స్త్రీల కూడికకు పిలిచారు. చర్చిలో కండోమ్ అనే మాట వినపడకూడదని ఇద్దరు పెద్దలు అడ్డం తిరిగారు. "ప్రాణం కాపాడే మాట ఇక్కడ కాక ఇంకెక్కడ వినపడాలి?" అన్నారు పాస్టరు గారు. ఆవిడ అన్నీ విప్పి చెప్పింది. వైరస్ సోకే ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలని, ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రలు కూడా ఉన్నాయని, హెచ్‌ఐవీ ఉన్న గర్భిణి మందు వాడితే బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుందని చెప్పింది. ఏ మతంవాళ్లైనా సరే, మొక్కు తీరిందనో దీవెన దొరికిందనో మందు ఆపి, ఊపిరాడని స్థితిలో తన వార్డుకు వచ్చినవాళ్లను చూశానంది. చివర్లో టెస్టు చేయించుకుంటారా అని అడిగితే అందరికన్నా ముందు చెయ్యి చాపింది పాస్టరు గారే. ఆయన వెనక వరస కట్టారు. పెళ్లి కుదిరినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇప్పుడాయన టెస్టు మాట తప్పకుండా ఎత్తుతారు.

అయినా నాకు ఒక భయం పోలేదు. బల్ల ఆరాధనలో అందరం ఒకే గిన్నెలోది తాగుతాం. ఉమ్మి వల్ల, గిన్నె వల్ల ఇది సోకదని నాకు తెలుసు. కానీ నా జబ్బు సంగతి తెలిసినవాళ్లు నా తర్వాత తాగుతారా? వెనక బెంచీలో కూర్చుని ఆఖరున వెళ్లేదాన్ని. ఒక ఆదివారం ఆంటీ నన్ను ముందుకు తోసి తను నా వెనక నిలబడింది. నేను తాగాక గిన్నె అందుకుని తను తాగింది. అంచు తుడవలేదు.

ఇప్పుడు రోజుకు ఒక్క మాత్ర, అందులోనే మూడు మందులు. పోయినసారి, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనబడలేదు. ఇలా కనబడకుండా ఉన్నంతకాలం శారీరక సంబంధం వల్ల మా ఆయనకు నా నుంచి సోకదని డాక్టరు గారు చెప్పారు.

ఇంకో అమ్మాయికి నెల కింద టెస్టులో పాజిటివ్ వచ్చింది. ఆసుపత్రికి ఆమెతో నేనే వెళ్తున్నాను. రాత్రి తొమ్మిదికి నాకు ఆంటీ దగ్గరి నుంచి మిస్డ్ కాల్ వస్తుంది, నేను మాత్ర వేసుకుని ఆ అమ్మాయికి ఒక మిస్డ్ కాల్ ఇస్తాను.