పాడేరు ఘాటీలో పానాల సంచి

విశాఖపట్నంలో బయలుదేరి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కి, హుకుంపేట దారిలో అరకు చేరి, అనంతగిరి ఘాటీ గుండా ఎస్. కోటకు దిగిరావడం మా ప్రాంతపు మోటారుసైకిలు యాత్రికులందరికీ పరిచితమైన చుట్టే. తారురోడ్డు విడవని వారికి ఈ దారిలో పనిముట్ల గొడవ పెద్దగా ఉండదు. బండి ఆగినా కాసేపటికి ఏదో ఒక మెకానిక్కు షాపు దొరుకుతుంది. నేనూ మా బావా వెళ్లదలచుకున్నది మాత్రం పాడేరుకు, అరకుకు నడుమ కాఫీ తోటల్లోంచి గూడేలకు పోయే మట్టిదారుల్లోకి. అక్కడ పంక్చరు షాపు ఉండదు సరే, చాలాచోట్ల ఫోను సిగ్నలు కూడా అందదు. కనుక షాపును మనమే మోసుకుపోవాలి.

మా ఇద్దరివీ హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ 200 బండ్లే. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18, రెండూ స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. ట్యూబు లేని టైరైతే చిల్లులో రబ్బరు పురిని కూరి, గాలి కొట్టి సాగిపోవచ్చు. ట్యూబు ఉన్న బండికి చక్రం ఊడదీసి, టైరు విప్పక తప్పదు. అందువల్ల సామాను ఎంపిక చక్రం దగ్గరే మొదలైంది. ఏ పానా తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే: సంచీలో పెట్టదలచుకున్న పనిముట్లతోనే, వేరేదేదీ ముట్టకుండా, ఇంటి దగ్గర రెండు చక్రాలూ విప్పి బిగించడం. మద్దిలపాలెంలో మా ఇంటి మెట్ల కింద కూర్చుని ఆ పని చేసినప్పుడు, పెద్ద పెట్టెలోని పానాల్లో సగానికి పైగా ఈ బండి మీద ఏ నట్టుకూ పట్టవని తేలిపోయింది. మిగిలినవి ఇరుసు నట్లకు రింగు పానాలు, 8, 10, 12, 14 సైజులు, కొన్ని ఎలెన్ కీలు, పటకారు, స్పార్క్ ప్లగ్గు పానా, టైరును రిమ్ము నుంచి ఊడదీసే లీవర్లు రెండు, చేతిపంపు, ప్యాచీలు, సొల్యూషను. విడిభాగాలుగా చైను లింకు, క్లచ్ లీవరు, బ్రేకు లీవరు, ఇంజను అడుగున నూనె ఉండే తొట్టి రాయి తగిలి పగిలితే పూయడానికి ఎమ్-సీల్ అనే అతుకు ముద్ద. క్లచ్ కేబులుకు సంచీలో చోటు అక్కర్లేదు. పాతదాని పక్కనే కొత్తదాన్ని పరిచి, ప్లాస్టిక్ టైలతో కట్టేస్తే, తెగినప్పుడు చివరలు మార్చుకోవడమే. ట్యూబు ఒక్కటే పట్టుకున్నాను, అదీ ముందు చక్రానిది. 21 అంగుళాల ట్యూబును అవసరానికి మడతపెట్టి 18 అంగుళాల టైరులో కూర్చవచ్చు. వెనక చక్రపు ట్యూబును ముందు చక్రానికి సాగదీయడం కుదరదు.

ఏది మోయాలన్న దాని కన్నా ఎక్కడ మోయాలన్నదే పెద్ద సంగతి. ఇనుము కిందుగా, బండి నడిమికి దగ్గరగా ఉండాలి. పూర్ణా మార్కెట్ దగ్గర టార్పాలిన్ గుడ్డ కొని, పానాలు ఒక్కొక్కటీ విడివిడి అరల్లో పట్టేలా చుట్ట కుట్టించి, దాన్ని ఇంజను ముందు గార్డుకు బిగించాను. అరలు లేకపోతే మట్టిదారి కుదుపులకు పానాలు ఒకదానినొకటి రాసుకుని, సంచీని లోపలి నుంచే కొరికేస్తాయి. మందుల డబ్బా, నీళ్లు, ఫోను మాత్రం ఒంటిమీద ఉంచుకున్నాను. బండి లోయలోకి జారినా మనిషి దగ్గర మిగలవలసినవి అవే. పానాలను వీపు సంచీలో మోసేవారిని చాలామందిని చూశాను. వెల్లకిలా పడితే వెన్నెముకకూ రాయికీ మధ్య ఉండేది ఆ ఇనుమే.

మా బావకు ఈ లెక్క నచ్చలేదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు, పెద్ద పానాల డబ్బా, రెండు ట్యూబులు, చిన్న గొడ్డలి, అన్నీ కలిపి వెనక క్యారియరు చివరన కట్టేశాడు. "వెనక బరువుంటే బండి గట్టిగా పట్టుకుంటుంది లేరా" అన్నాడు. మాడుగులలో హల్వా కొని, దాన్ని కూడా ఆ మూట మీదే ఎక్కించాడు. పాడేరు ఘాటీ తారు మీద అతని మాట నిజమనే అనిపించింది.

హుకుంపేట దాటి మట్టిదారిలోకి తిరిగాక సంగతి మారింది. నవంబరు కావడంతో మెట్టల మీద వలిసె పూలు పసుపు పరిచి ఉన్నాయి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పళ్ల కోత సాగుతోంది, దారి మాత్రం వానలకు కోసుకుపోయి రాళ్లు తేలి ఉంది. మట్టిమీద పట్టు కోసం ఇద్దరం టైర్లలో గాలి 20 పీఎస్ఐకి దించాం. ఎక్కుడు రాగానే అతని బండి ముందు చక్రం తేలిపోతూ, హ్యాండిలు తిప్పినా మాట వినకుండా పోతోంది. వెనక ఇరుసుకు అవతల వేలాడే బరువు, తక్కెడలో ఒక తట్ట దిగితే రెండోది లేచినట్టు, ముందు చక్రాన్ని నేల నుంచి లేపుతుంది. ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటి అవతలి గట్టు ఎక్కుతుండగా వెనక చక్రం రాతి అంచుకు బలంగా గుద్దుకుని, రెండు నిమిషాల్లో గాలంతా దిగిపోయింది.

ముల్లు కాదు, మేకు కాదు. ట్యూబు బయటికి తీసి చూస్తే పక్కపక్కనే రెండు చీలికలు. గాలి తక్కువగా, బరువు ఎక్కువగా ఉన్నప్పుడు టైరు పూర్తిగా అణిగి, రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగితే పడే గాయం ఇది. అదే గాలితో, అదే రాయి మీదుగా నా బండి ఏ దెబ్బా లేకుండా వచ్చింది.

ఈ బండ్లకు నడిమి స్టాండు ఉండదు. కాఫీ పళ్లు ఏరుతున్న ఒక పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, చక్రం ఊడిపోనాదేటి?" అని అడిగి, సంగతి తెలిశాక ఒక దుంగ దొర్లించుకొచ్చాడు. దాన్ని ఇంజను కింద దూర్చి వెనక చక్రాన్ని పైకి లేపాం. టార్పాలిన్ పరిచి, విప్పిన నట్లు, వాషర్లు విప్పిన వరసలోనే దానిమీద పేర్చాను. ఆ ఎర్రమట్టిలో పడ్డ వాషరు మళ్లీ దొరకదు. టైరు అంచు రిమ్మును వదలనంటే, చక్రాన్ని డిస్కు పైకి ఉండేలా పడుకోబెట్టి, నా బండి సైడు స్టాండును టైరు అంచు మీద ఆనించి బండిని ఒరిగించాం. బరువుకు అంచు దిగిపోయింది. కొత్త ట్యూబులో ఆకారం వచ్చేంత గాలి కొట్టి లోపలికి పెడితే లీవరు కింద నలగదు. టైరు అంచు జారి తేలిగ్గా కూర్చునేలా రిమ్ముకు రాయడానికి ఒక షాంపూ పొట్లం చాలు.

గాలి దగ్గర మాత్రం బావదే పైచేయి. నా చేతిపంపుతో కొట్టి ఉంటే భుజాలు పట్టేసేవి. అతని కరెంటు పంపు కాసేపట్లోనే 25కు చేర్చింది. ఆ మాట అతను అరకు చేరేదాకా మూడు నాలుగుసార్లు చెప్పాడు, చెప్పనిచ్చాను. ఆ పంపు తేవడంలో తప్పు లేదు, దాన్ని కట్టిన చోటే బాగులేదు. పెద్దాయనతో కలిసి హల్వా తిన్నాక, అతని పానాల డబ్బానూ పంపునూ నా చుట్ట మాదిరిగానే ఇంజను గార్డుకు మార్చి కట్టాం. గొడ్డలి, మిగిలిన ట్యూబు సీటు మీద, అతని నడుముకు ఆనేటంత ముందుకు వచ్చాయి. తరువాతి ఎక్కుడులో అతను నా కన్నా ముందు పైకి చేరాడు.

అనంతగిరి ఘాటీ మొదలయ్యేచోట తారు కోసం టైర్లలో మళ్లీ గాలి పెంచాం. మెత్తటి టైరు తారుమీద వేడెక్కుతుంది, మలుపుల్లో ఊగుతుంది. చీలిన ట్యూబును పారేయకుండా వెంట తెచ్చుకున్నాం. దాన్ని అడ్డంగా కోస్తే సాగే పట్టీలు వస్తాయి, బజారులో దొరికే బంగీ తాళ్ల కన్నా గట్టిగా పట్టుకుంటాయి. ఎస్. కోటలో టీ తాగుతూ బావ తన గొడ్డలిని రెండు పట్టీలతో బిగించాడు, నేను మరో రెండింటితో పానాల చుట్టను కట్టుకున్నాను.