ఇండియా పాట గరగర లేకుండా వినబడేదాకా

ఉద్యోగం మీద అమెరికాలోని మెంఫిస్ వచ్చిన ఆరేళ్లకు గానీ, బిగ్ స్టార్ అనే రాక్ బ్యాండ్ ఈ ఊరిదేనని నాకు తెలియలేదు. తెలిశాక వాళ్ల మొదటి ఆల్బమ్ ‘నంబర్ వన్ రికార్డ్’ ఫోన్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1972లో జనం విన్నట్టే ఎల్పీ రికార్డు మీద వినాలనిపించింది. కొత్తగా అచ్చేసిన కాపీ ఒకటి, దాన్ని తిప్పి వినిపించే సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్ ఒకటి కొన్నాను. ఆ టర్న్‌టేబుల్‌ని దారికి తేవడానికి వారం పట్టింది.

మొదటి పాట ‘ఫీల్’ అదిరిపోయింది. బ్యాండ్ గాయకుడు క్రిస్ బెల్ గొంతు నేరుగా గదిలోంచే వస్తున్నట్టుంది. ‘థర్టీన్’ దాకా ఏ ఇబ్బందీ లేదు. రికార్డు మొదటి వైపు చివరి పాట ‘ది ఇండియా సాంగ్’ వచ్చేసరికి ‘స’ పలికిన చోటల్లా పళ్ల కింద ఇసుక పడ్డట్టు గరగర. బాస్ గిటార్ వాయించే ఆండీ హమ్మెల్ రాసిన పాట అది, ఇండియాలో బతకాలని కలగనే పాట. ఇంటికి ఇంత దూరంలో ఉన్న నాకు అదంటే ప్రాణం. సరిగ్గా అదే పాడైపోతుంటే చాలా బాధేసింది.

హైదరాబాద్‌లో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. ఆయన చిన్నప్పుడు వాళ్లింట్లో రికార్డ్ ప్లేయర్ ఉండేది.

“ముల్లు బరువు చూశావురా? తక్కువైతే గాడిలో నిలవదు.”

బరువు ఎంత తక్కువుంటే రికార్డుకి అంత మంచిదనుకున్నాను నేను. చిన్న త్రాసు తెప్పించి చూస్తే 1.3 గ్రాములుంది. ముల్లుని పట్టి ఉంచే చిన్న డబ్బీ లాంటి నా కార్ట్రిడ్జ్‌కి కావలసింది 2. కార్ట్రిడ్జ్‌ని మోసే టర్న్‌టేబుల్ చేతికి వెనకున్న బరువుని కొద్దికొద్దిగా తిప్పి 2కి తెచ్చాను. సగం గరగర పోయింది.

మిగతా సగానికి కారణం వెతుకుతూ చదివాను. రికార్డు తిరిగే వేగం మారదు, కానీ బయటి అంచున ముల్లు కింద సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి సాగితే, లేబుల్ దగ్గర 20 చిల్లరే సాగుతుంది. అంత పాటా ఆ కాస్త చోటులోనే ఇరుక్కోవాలి. కార్ట్రిడ్జ్ కొంచెం వంకరగా ఉన్నా ముందు దెబ్బతినేది చివరి పాటే. దాన్ని సరిచేయడానికి గీతలున్న కాగితం ఒకటి ప్రింట్ తీసి, ముల్లుని చుక్క మీద ఆనించి, కార్ట్రిడ్జ్ గీతలకి సమంగా ఉందో లేదో చూడాలి. రెండు రాత్రులు కుస్తీ పట్టినా కుదరలేదు. చివరికి స్కేలు పెట్టి కొలిస్తే తేలింది, ప్రింటర్ ఆ కాగితాన్ని పేజీకి సరిపడేలా కుదించేసింది! అసలు సైజులో మళ్లీ ప్రింట్ తీశాను. మీరు కూడా ముందు అది కొలుచుకోండి. కార్ట్రిడ్జ్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలూ బియ్యపు గింజంత ఉంటాయి. వాటిని వదులు చేసి, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టాను.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఆల్బమ్‌కి అప్పుడే చాలా అన్యాయం జరిగింది. ఆర్డెంట్ స్టూడియోలో దాని యజమాని జాన్ ఫ్రై దగ్గరుండి అంత శ్రద్ధగా రికార్డు చేయించారు. రివ్యూలు అద్భుతంగా వచ్చాయి. కానీ పంపిణీ చూసుకున్న స్టాక్స్ సంస్థ సరుకుని షాపులకు చేర్చలేకపోయింది. అప్పట్లో 10,000 కాపీలు కూడా అమ్ముడుపోలేదు. ఆ ఏడాది చివరికే బెల్ బ్యాండ్ వదిలేశాడు, 1978లో 27 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయాడు. అలాంటి రికార్డు నా చేతికొచ్చాక కూడా సగం సగం వినడం నాకిష్టం లేకపోయింది.

శనివారం పొద్దున మళ్లీ మొదటి వైపు పెట్టాను. ‘ఇండియా సాంగ్’ వచ్చింది. వేణువు లాంటి ఆ నాదం, గొంతులు, చివరి అక్షరం దాకా శుభ్రంగా. వెంటనే నాన్నకి వాట్సాప్ కాల్ చేసి ఫోన్ స్పీకర్ పక్కన పెట్టాను. పాటంతా మాట్లాడకుండా విన్నారు.

“బాగుందిరా. ఎవరు వీళ్లు?”

“మా ఊరివాళ్లే నాన్నా” అన్నాను.