స్పానిష్ సాహిత్యం, నెట్ పేపర్-2: తిరుపతిలో ఉండి గురువును వెతుక్కున్న అనుభవం

కాలేజీ, విశ్వవిద్యాలయ అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌కు స్పానిష్ సబ్జెక్టుగా చదువుతున్నవాళ్లు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో నాకు ఇద్దరు ముగ్గురికి మించి తారసపడలేదు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఎంఏ పూర్తి చేసి, ఇంటి పరిస్థితుల వల్ల సొంతూరికి వచ్చేసి, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట పుస్తకం పట్టుకుంటున్నవాళ్లు వీరంతా. ఫ్రెంచి, జర్మన్ తీసుకున్నవాళ్లు కూడా కలిసినప్పుడు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: భాష నేర్పేవాళ్లు దొరుకుతున్నారు గానీ, సాహిత్యం చెప్పేవాళ్లను ఎక్కడ పట్టుకోవాలి? నేను ఆ వెతుకులాటలో దాదాపు ఎనిమిది నెలలు గడిపాను. అందులో చాలా భాగం తప్పుదారిలోనే గడిచింది. మీకు ఆ నెలలు మిగలాలన్న ఉద్దేశంతో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హైదరాబాదులోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్‌లో ఎంఏ చేశాను. నాన్నగారికి ఆరోగ్యం బాగుండకపోవడంతో కొర్లగుంటలోని మా ఇంటికి తిరిగి వచ్చి, పగలు అనువాదం పని చేస్తూ మొదటిసారి పరీక్ష ఒంటరిగా రాశాను. పరీక్ష తీరు మీకు తెలిసిందే: అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్-1లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, సబ్జెక్టుకు సంబంధించిన పేపర్-2లో 100 ప్రశ్నలకు 200 మార్కులు, రెండూ కలిపి మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే కదా, రచయితల పేర్లు, రచనలు, సంవత్సరాలు కంఠస్థం చేస్తే గట్టెక్కవచ్చునని నమ్మాను. సంవత్సరాలన్నీ నోటికి వచ్చినా సాహిత్యం ప్రశ్నల దగ్గరే దెబ్బతిన్నాను. ఒక పద్యభాగం ఇచ్చి అది ఏ ధోరణికి చెందినదో చెప్పమన్నప్పుడు, నాలుగు రచనలను కాలక్రమంలో పెట్టమన్నప్పుడు, ప్రతిపాదన, కారణం రెండూ ఇచ్చి వాటి మధ్య సంబంధం తేల్చమన్నప్పుడు కంఠస్థం చేసినది అక్కరకు రాలేదు. నేను ఆ పుస్తకాల గురించి చదివాను గానీ ఆ పుస్తకాలను చదవలేదని ఫలితం వచ్చిన రోజున స్పష్టమైంది.

తిరుపతిలో కోచింగ్‌కు కొదవ లేదు. బాలాజీ కాలనీ వైపు నడిస్తే డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకచోట పేపర్-1 కోసం రెండు నెలలు చేరాను, అది ఉపయోగపడింది. స్పానిష్ అనగానే మాత్రం అక్కడివాళ్లు నిజాయితీగా చేతులెత్తేశారు. కాబట్టి పేపర్-2కు ఆన్‌లైన్‌లో వెతకడం తప్ప దారి లేకపోయింది.

మొదట దొరికిన ఆమె స్పానిష్ మాతృభాషగా ఉన్న టీచరు. ఉచ్చారణ స్వచ్ఛం, స్వభావం స్నేహపూర్వకం, క్లాసుకు క్లాసుకు నా మాట సాఫీగా మారుతున్నట్టు నాకే తెలిసేది. ఆరు వారాల తర్వాత పదిహేడో శతాబ్దపు స్పానిష్ కవి కెవేదో రాసిన సొనెట్ (పద్నాలుగు పాదాల పద్యం) ఒకటి ముందు పెట్టి దీని అర్థం చెప్పమని అడిగితే, ఇది చాలా పాత భాష అని, బడిలో చదివానని చెప్పి, మాటను ఆహారం వైపు, పండుగల వైపు మళ్లించారు. తప్పు ఆమెది కాదు. ఆమెకు తెలిసిన పని ఆమె బాగా చేశారు; నేనే నాకు కావలసినది వేరని మొదట చెప్పలేదు. తెలుగు మాతృభాష అయిన ప్రతివారూ మనుచరిత్ర చెప్పలేరన్నది మనకు తెలిసిన సంగతే అయినా, అదే మాట మరో భాషకూ వర్తిస్తుందని తట్టడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

రెండో ఆయన నెట్ కోసమే ప్రత్యేకంగా చెబుతానన్నారు. క్లాసుల కంటే మెటీరియల్ మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. డబ్బు కట్టగానే వందల పేజీల పీడీఎఫ్‌లు, ప్రశ్నల బ్యాంకులు వచ్చి పడ్డాయి. మొదటి వారంలోనే లాసరీయో దె తోర్మెస్ రచయిత కెవేదో అని ఒకచోట కనిపించింది. 1554లో వెలువడిన ఆ చిన్న నవల ఎవరు రాశారో తేలలేదు, దాన్ని అజ్ఞాత రచనగానే చదువుతాము. కెవేదో రాసినది అదే కోవకు చెందిన బుస్కోన్, అది అచ్చయినది 1626లో. మరో పేజీలో గార్సియా లోర్కాను 98 తరంలో (1898 నాటి రచయితల్లో) చేర్చారు, ఆయన తర్వాతి 27 తరం కవి. ఇలాంటివి పట్టుకోగలిగినవి కొన్ని, పట్టుకోలేక నేను నేర్చేసుకున్నవి ఎన్నో నాకు ఇప్పటికీ తెలియదు. పోయిన డబ్బు కంటే ఆ అనుమానమే నన్ను ఎక్కువ బాధించింది. ఎవరి మెటీరియల్ అయినా సరే, డబ్బు కట్టే ముందు నాలుగు పేజీలు అడిగి తెప్పించుకుని, మీకు గట్టిగా తెలిసిన ఒక రచయిత దగ్గర దాన్ని సరిచూసుకోండి.

మూడో ప్రయత్నంలో వెతికే చోటు మార్చాను. మన దేశంలో స్పానిష్ సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు ముఖ్యంగా జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ వంటి చోట్ల ఉంటారు. వాళ్ల సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో అందరికీ అందుబాటులో ఉంటాయి. ఎవరు ఏ కాలం మీద పని చేశారో చూసుకుంటూ, నా సీనియర్లను అడుగుతూ, ఐదుగురికి ఉత్తరాలు రాశాను. ఆ ఉత్తరంలో నేను చదివినవి, చదవనివి, పరీక్షలో ఎక్కడ పోయాయో వివరంగా రాశాను. ముగ్గురు జవాబివ్వలేదు, ఒకరు సమయం లేదన్నారు. ఐదో ఆమె స్పెయిన్ స్వర్ణయుగ (పదహారు, పదిహేడు శతాబ్దాల) కవిత్వం మీద పీహెచ్‌డీ చేస్తున్న పరిశోధకురాలు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఫీజు మాట తర్వాత చూద్దామని, ఆదివారం ఒక గంట కూర్చుందామని, ఆ కాలపు కవి గోంగోరా సొనెట్ ఒకటి ఏడుసార్లు పైకి చదివి రమ్మని చెప్పారు.

ఆ గంట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గురువును ఎలా గుర్తించాలో నాకు అప్పుడే తెలిసింది. అది గోంగోరా 1582లో రాసిన సొనెట్. నీ కురులతో పోటీపడాలని మెరుగుపెట్టిన బంగారం ఎండలో వృథాగా మెరుస్తోందని మొదలవుతుంది. ఆమె నన్ను అర్థం అడగలేదు, రెండో పాదంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టమన్నారు. "ఓరో బ్రున్యీదో అల్ సోల్ రెలూంబ్రా ఎన్ బానో." ఓ-రో-బ్రు-న్యీ-దో-అల్-సోల్-రె-లూమ్-బ్రా-ఎన్-బా-నో, పదమూడు వచ్చాయని చెప్పాను. సొనెట్ పాదానికి ఉండాల్సినవి పదకొండు కదా, మిగిలిన రెండు ఎక్కడికి పోయాయని అడిగారు. పక్కపక్క పదాల అచ్చులు కలిసిపోయే సినలేఫా అనే పేరు నాకు తెలుసు, నిర్వచనం కూడా చెప్పగలను, కానీ ఆ పాదంలో అది ఎక్కడుందో చూపలేకపోయాను. ఆమె మెల్లగా పాదం చదివారు: "దో" తర్వాత "అల్", "బ్రా" తర్వాత "ఎన్", అచ్చు పక్కన అచ్చు వచ్చిన ఆ రెండు చోట్లా పలుకు ఒక్కటై లెక్క పదకొండుకు దిగింది.

తర్వాత ఆ సొనెట్ చివరి పాదానికి తీసుకెళ్లారు. "ఎన్ త్యెర్రా, ఎన్ ఊమో, ఎన్ పోల్బో, ఎన్ సోంబ్రా, ఎన్ నాదా." మట్టిగా, పొగగా, ధూళిగా, నీడగా, శూన్యంగా. విడివిడిగా లెక్కిస్తే పదిహేను వస్తాయి, నాలుగు చోట్ల కలిసి పదకొండు అవుతాయి. మట్టి పొగలోకి, పొగ ధూళిలోకి, ధూళి నీడలోకి, నీడ శూన్యంలోకి ఎక్కడా ఆగకుండా జారిపోతున్నట్టు నోటికి తెలుస్తుంది. ఆ కలయికలు ఊరికే ఛందస్సు లెక్క కోసం పెట్టినవి కావని ఆమె చెప్పనక్కర్లేకుండానే నాకు అర్థమైంది. రెండేళ్ల ఎంఏలో పునరుజ్జీవనం తర్వాత వచ్చిన బరోక్ ధోరణి గురించి నేను ఎన్నోసార్లు రాసిన "బరోక్ నిరాశ" అన్న మాటకు ఆ రోజు మొదటిసారి ఒక రుజువు చూశాను.

ఆ వారం మేడ మీద ఆ పాదాలే పైకి చదువుతూ లెక్కపెట్టుకుంటుంటే, పక్కింట్లో ఉండే రిటైరైన తెలుగు మాస్టారు "ఏం లెక్కబెడతా ఉండావు మ్మా, వేళ్లు మడిచి?" అని అడిగారు. చెప్పాను. "అచ్చు పక్కన అచ్చు వస్తే మనం సంధి చేస్తాము గదా, వాళ్లేం చేస్తారు?" అన్నారు. ఆ ప్రశ్నతో నాకు తేడా తేటపడింది. రాముడు, ఎక్కడ కలిసి రాముడెక్కడ అయినప్పుడు మన దగ్గర ముందున్న అచ్చు పోయి వెనకది నిలుస్తుంది. సినలేఫాలో రెండు అచ్చులూ వినిపిస్తాయి గానీ అవి ఒక్క అక్షరంగా లెక్కకు వస్తాయి. పాదం చివరి పదంలో ఊనిక చివరి అక్షరం మీద పడితే లెక్కకు ఒకటి కలపడం, చివరి నుంచి మూడో అక్షరం మీద పడితే ఒకటి తీసేయడం కూడా అప్పటి నుంచి నేను మరచిపోలేదు. సంధులు చిన్ననాటి నుంచి చదువుకున్న మనకు ఈ భాగం నిజానికి కష్టం కాదు. దీన్ని వదిలేసి వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రెండో వారం ఆమె అదే ఇతివృత్తం మీద గార్సిలాసో దె లా వేగా రాసిన ఇరవైమూడో సొనెట్‌ను పక్కన పెట్టించారు. 1536లో మరణించిన గార్సిలాసో యవ్వనం ఉండగానే దాని ఫలాన్ని అందుకోమని చెప్పి, కాలం అన్నింటినీ మారుస్తుందన్న మాటతో నెమ్మదిగా ముగిస్తాడు. అదే మాట గోంగోరా చేతిలో శూన్యం దాకా వెళుతుంది. పునరుజ్జీవన కాలానికీ బరోక్‌కూ తేడా ఏమిటని అడిగితే నేను ఇప్పుడు ఈ రెండు ముగింపులనే తలచుకుంటాను. ఆ పదకొండక్షరాల పాదం ఇటలీ నుంచి ఎలా వచ్చింది, 1526లో గ్రనాదాలో నవాజేరో అనే వెనిస్ రాయబారి గార్సిలాసో మిత్రుడైన కవి బొస్కాన్‌తో ఆ పద్ధతిలో రాసి చూడమని ఎందుకన్నాడు, 1927లో గోంగోరా మూడువందలవ వర్ధంతికి సెవీయాలో చేరిన యువకవుల వల్ల 27 తరానికి ఆ పేరు ఎలా నిలిచింది, ఇవన్నీ ఒక్క పద్యం చుట్టూ వచ్చి చేరాయి. నేను మునుపు విడివిడిగా కంఠస్థం చేసిన సంవత్సరాలే ఇవి. ఇప్పుడు ఒకదాన్ని తలచుకుంటే మిగతావి తోడు వస్తున్నాయి.

లాటిన్ అమెరికా భాగంలో ఆమె సరిచేసిన పెద్ద పొరపాటు ఒకటుంది, అది మీలో చాలామందికి ఉండవచ్చు. స్పానిష్‌లో మోదెర్నిస్మో అన్నది ఇంగ్లీషు సాహిత్యంలో చదివే మోడర్నిజం కాదు. నికరాగ్వా కవి రుబెన్ దారీయో 1888లో ప్రచురించిన అసుల్‌తో స్థిరపడిన ఈ ధోరణికి ఫ్రెంచి పర్నాసియన్లు, సింబలిస్టులు మూలం. శబ్దసౌందర్యం, హంసలు, దూరదేశాల ఊహలు దాని లోకం. ఇంగ్లీషు మోడర్నిజానికి దగ్గరగా వచ్చేది తర్వాతి బాంగ్వార్దియా, అంటే కొత్త ప్రయోగాల ధోరణి. నేను తెలుగులో నోట్సు రాసుకుంటూ రెండింటికీ ఆధునికత అని రాసుకున్నాను, ఆ ఒక్క మాట నా చేత ఎన్నో జవాబులు తప్పు పెట్టించింది. పారిభాషిక పదాలను తెలుగులోకి మార్చుకోకుండా స్పానిష్ పేరుతోనే ఉంచుకుని, వివరణ మాత్రం తెలుగులో రాసుకోవడం మంచిది.

మా ఏర్పాటు ఇలా ఉండేది. వారానికి రెండు క్లాసులు, గంటకు 600 రూపాయలు. క్లాసుకు ముందు రచనను నేను పూర్తిగా చదివి, స్పానిష్‌లో ఒక పేజీ రాసి పంపాలి. రాయకపోతే క్లాసు లేదు, ఈ నియమం ఆమెదే. బహుళైచ్ఛిక పరీక్షకు రాత ఎందుకని మొదట్లో నేను అడిగాను. నాలుగు జవాబుల్లో తప్పువి మూడు ఎందుకు తప్పో వాక్యంగా రాయగలిగితేనే సరైనదాని మీద ధైర్యం ఉంటుందని ఆమె జవాబు. ఆ పేజీలను ఎర్రరంగుతో నింపి తిప్పి పంపేవారు. పుస్తకాలకు పెద్దగా ఖర్చు కాలేదు, ఎందుకంటే పాత రచనలు దాదాపు అన్నీ మిగెల్ దె సెర్వాంతెస్ వర్చువల్ లైబ్రరీలో ఉచితంగా దొరికాయి. దోన్ కిహోతె మాత్రం పదకోశం ఉన్న అచ్చు ప్రతి కొనుక్కున్నాను, ఆ రెండు భాగాలను తెరమీద చదవడం నా వల్ల కాలేదు.

ఆమెకు కూడా కొన్ని హద్దులు ఉన్నాయి. భాషాశాస్త్రం, బోధనా పద్ధతుల భాగాలు తన పని కాదని మొదటే చెప్పారు, వాటిని నేను సొంతంగా చదువుకున్నాను. తెలియనిదాన్ని తెలియదని ముందుగా చెప్పే గురువు మీద నమ్మకం ఎలా పెరుగుతుందో నాకు ఆమె దగ్గరే తెలిసింది.

రెండోసారి రాసినప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది, పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే జేఆర్‌ఎఫ్ కొద్దిలో తప్పిపోయింది. వయసు పరిమితికి ఇంకా సమయం ఉంది కనుక మళ్లీ రాస్తున్నాను. మా మేడమ్ ఈ ఏడాది థీసిస్ సమర్పించే పనిలో ఉండి, ఇరవయ్యో శతాబ్దపు లాటిన్ అమెరికా నవలకు తనకంటే బాగా చెప్పే ఒకరి పేరు ఇచ్చారు. వచ్చే ఆదివారం ఆయనతో మొదటి గంట. ఈసారి ఏ రచన చదవాలో నేనే చెప్పాను. హువాన్ రుల్ఫో 1955లో ప్రచురించిన పెద్రో పారమోలోని మొదటి రెండు పేజీలు, కొడుకు తండ్రిని వెతుక్కుంటూ కొమాలాకు దిగే భాగం. ఇప్పటికి ఐదుసార్లు పైకి చదివాను, ఆదివారంలోపు ఇంకా రెండుసార్లు చదవాలి.